ముందుగా చెప్పి వచ్చే మనిషి

సంతాప సభలో చలి వేసింది. నడి ఎండాకాలం. బయట తారు చెప్పులకు అంటుకుంటుంటే, హాల్లో ముసలి ప్రొఫెసర్లు కండువాలు మెడకు చుట్టుకుని కూర్చున్నారు. బతికినన్నాళ్ళూ ఎండ గురించీ, వేడి గురించీ పరిశోధన చేసిన మనిషి చనిపోతే, ఆయనకు నివాళి చెప్పడానికి ఏసీ అంత గట్టిగా పెట్టాల్సిన అవసరమేమిటో నాకర్థం కాలేదు. వేదిక మీద పెద్ద ఫోటో పెట్టారు. అందులో ఆయన ఒక రేకుల ఇంటి గుమ్మం ముందు టీ గ్లాసు పట్టుకుని నవ్వుతున్నాడు. ఆ ఇల్లు నాకు తెలుసు. ఆ ఫోటో తీసింది నేనే.

చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. ఆ సాయంత్రం చారెడు కాదు, చేటంత అయ్యాయి. ఒకాయన లేచి, ఈయన పాతబస్తీకి ఆప్తబంధువన్నాడు. ఇంకొకాయన, సమాజశాస్త్రానికీ భౌతికశాస్త్రానికీ మధ్య వంతెన కట్టిన మేస్త్రి అన్నాడు. మైకు నా దగ్గరకొచ్చినప్పుడు గొంతు బాగాలేదని చెప్పి పక్కకు జరిపేశాను. గొంతు శుభ్రంగానే ఉంది. పోయిన మనిషి భార్య ముందు వరసలో కూర్చుని ఉండగా అనగలిగే మాటలు నా దగ్గర లేవు. ఉన్న మాటలు ఇక్కడ రాస్తున్నాను.

నేను ఆయన దగ్గర ఫీల్డు పని చేశాను. సోషియాలజీలో ఎమ్మే ఉంది, మొఘల్‌పురాలో పుట్టి పెరిగాను, తెలుగూ దక్కనీ రెండూ గడగడా వచ్చు. మా నాన్న బస్సు డిపోలో మెకానిక్. ఇంటర్వ్యూలో ఆయన నా ఎమ్మే గురించి ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. "గల్లీల్లో నిన్ను చూసి తలుపు తీస్తారా అమ్మాయ్?" అని మాత్రం అడిగాడు. తీస్తారన్నాను. ఉద్యోగం ఇచ్చేశాడు.

ఆయనది కోస్తా. ఉతికి ఇస్త్రీ చేసిన తెలుగు మాట్లాడేవాడు. చొక్కా కూడా అంతే. మనిషిని చూస్తే ఎవరికైనా గౌరవం కలుగుతుంది, అది ఆయనకు బాగా తెలుసు. ఎప్పుడూ గొంతు పెంచేవాడు కాదు. కుర్చీలో కూర్చునే ముందు జేబురుమాలు తీసి నాలుగు మడతలు పెట్టి, దానిమీద కూర్చునేవాడు. అది ఎవరి ఇల్లయినా, ఎంత కొత్త కుర్చీ అయినా సరే. ఆ రుమాలు లేచేటప్పుడు మళ్ళీ జేబులోకే వెళ్ళేది. దానితోనే మొహం తుడుచుకునేవాడు. శుభ్రం అంటే ఆయనకున్న అవగాహన అది.

ఆయన విద్వత్తు ఎలా నిలబడిందో నేను కొన్నాళ్ళు గమనించి కనిపెట్టాను. భౌతికశాస్త్రం వాళ్ళ సెమినార్‌కు వెళ్తే సమాజం గురించి మాట్లాడేవాడు. సమాజశాస్త్రం వాళ్ళ సెమినార్‌లో వేడి ఎలా ప్రవహిస్తుందో బోర్డు మీద బాణాలు గీసి చూపించేవాడు. అక్కడ వాళ్ళకు ఇది తెలియదు, ఇక్కడ వాళ్ళకు అది తెలియదు. అందరూ తలలూపేవారు. ఎవరికీ తప్పుపట్టే వీలుండేది కాదు. పైన పటారం లోన లొటారం అంటారే, ఆ లొటారం ఆయనలో ఎక్కడుందో వెతకాలంటే రెండు డిగ్రీలు కావాలి. అంత ఓపిక ఎవరికుంటుంది?

రెండు వేళ్ళు ఎత్తి తన రెండు కళ్ళకూ గురిపెట్టి, "రెండు కళ్ళుంటేనే లోతు తెలుస్తుంది. ఒకటి సమాజం, ఒకటి భౌతికం," అనేవాడు. క్లాసులో అనేవాడు, టీవీలో అన్నాడు, డబ్బులిచ్చే సంస్థ వాళ్ళ ముందు అన్నాడు. ఒకసారి కంటి డాక్టరు దగ్గర కూడా అన్నాడని ఆయన డ్రైవరు నాతో చెప్పి నవ్వాడు.

ఇక మా ప్రాజెక్టు. పాతబస్తీలో రేకుల కప్పుల కింద బతికేవాళ్ళు ఎంత వేడిలో ఉంటున్నారు, ఆ వేడిని వాళ్ళు ఎలా అనుభవిస్తున్నారు అన్నది పరిశోధన. మొదటిది కొలత, రెండోది మాట. ఈ రెంటినీ కలపడం ఆయన గొప్ప. ఇంటికి వెళ్ళి ముందు గదిలో కూర్చుని చేతి పరికరంతో వేడి కొలవాలి, అదే నిమిషంలో ఆ ఇంటావిడను "మీకిప్పుడు ఎలా ఉంది?" అని అడగాలి. దీనికి ఏకకాల పద్ధతి అని పేరు పెట్టాడు. పరికరాన్ని ఇంట్లోనే కొన్నాళ్ళు వదిలేసి రావచ్చు కదా సార్ అంటే, "యంత్రం ఒంటరిగా ఉంటే అది ఒంటికన్నుదే అమ్మాయ్," అన్నాడు.

ఈ పరిశోధన ఊరికే చేసింది కాదు. మేమిచ్చే రిపోర్టును బట్టి, ఏ గల్లీల్లో వేడి ఎక్కువుందో ఆ గల్లీల్లో రేకుల మీద ఎండను వెనక్కి కొట్టే తెల్ల పూత వచ్చే ఎండాకాలం లోపల సర్కారువాళ్ళు ఉచితంగా వేయిస్తారు. పూత వేస్తే ఇంట్లో తేడా బాగానే తెలుస్తుంది. కానీ ఈ సంగతి ఇళ్ళవాళ్ళకు చెప్పకూడదని ఆయన కట్టడి చేశాడు. "ఆశ పెడితే జవాబులు మారిపోతాయి. శాస్త్రం చెడుతుంది," అన్నాడు. చదువుకునేటప్పుడు నాకూ అలాగే చెప్పారు కాబట్టి తలూపాను.

చెప్పాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. ముందురోజు ఫోన్ చేసి, సమ్మతి అడిగి, రేపు ఫలానా వేళకు సార్ వస్తున్నారని చెప్పాలి. అది నైతికత. చెప్పకుండా ఎవరింటికీ ఆయన జీవితంలో వెళ్ళలేదట. ఈ ముక్క సంతాప సభలో కూడా ఎవరో మెచ్చుకున్నారు.

మాకు సహకరించిన ఇళ్ళకు ఏదైనా కానుక ఇవ్వాలని బేగంబజార్ వెళ్ళాం. స్టీలు డబ్బాల దుకాణంలో ఆయన ఆ చివర నుంచి ఈ చివరకు ప్రతి మూతా తీసి చూసి, అందరికంటే చిన్న డబ్బా ఎంచాడు. దానిమీద ప్రాజెక్టు పేరు చెక్కాలి. పేర్లు చెక్కే ముసలాయన మిషను పట్టుకుని, ఏం పేరు అన్నాడు. సార్ కాగితం అందించాడు. ప్రాజెక్టు పేరులో రెండు శాస్త్రాలూ, ఒక నగరమూ, ఒక కామా, దాని తర్వాత ఇంకో వాక్యమూ ఉన్నాయి.

ముసలాయన కాగితాన్నీ డబ్బానూ మార్చి మార్చి చూశాడు. "నామ్ బడా హై సాబ్, డబ్బా ఛోటా హై," అన్నాడు.

"చుట్టూ తిప్పి రాయమను," అన్నాడు సార్ నాతో.

తిప్పి రాశాడు. పేరు డబ్బా చుట్టూ తిరిగి వచ్చి మొదటి అక్షరాన్ని గుద్దుకుని ఆగింది. చివరి మాట పట్టలేదు. ఆ చివరి మాట 'ప్రజలు'. సార్ కళ్ళద్దాలు సవరించుకుని చూసి, పర్వాలేదు అర్థమవుతోంది అన్నాడు. ఇప్పటికీ మొఘల్‌పురాలో కొన్ని ఇళ్ళల్లో ఆ డబ్బాల్లో జీలకర్ర పోసుకుంటారు.

ఫీల్డుకు వెళ్ళే రోజు ఆయన చూడముచ్చటగా ఉండేవాడు. గల్లీలోకి కారు పట్టదు. డ్రైవరు గల్లీ మొదట్లో ఏసీ ఆపకుండా కారు నిలబెట్టేవాడు, సార్ తిరిగొచ్చేసరికి లోపల చల్లగా ఉండాలి. కారు దిగి నాలుగడుగులు వేసి, కళ్ళు మూసుకుని గాలి పీల్చి, "నా ఒళ్ళే ఒక థర్మామీటర్," అనేవాడు. ఆ థర్మామీటర్‌కు కారు తలుపు నుంచి ఇంటి తలుపు దాకా ఉన్నంత ఎండే తెలుసు.

మేం ఎక్కువసార్లు వెళ్ళింది యాదమ్మక్క ఇంటికి. రెండే అర్రలు, అంటే గదులు, రెండింటి మీదా రేకులు. ముందటి అర్రలో ఆమె చీరలకు ఫాల్ కుడుతుంది. లోపలి అర్రలో ఆమె భర్త మంచం. తాపీ పనికి వెళ్ళి గోడ మీద నుంచి పడి నడుము విరిగింది, కాళ్ళు కదలవు, ఎవరైనా పట్టుకుంటే తప్ప పక్కకు తిరగలేడు. ఇంట్లో మంచంపట్టిన మనిషి ఉన్నాడని నేను సార్‌కు మొదటి రోజే చెప్పాను. "అయ్యో పాపం," అన్నాడు. ముందటి అర్రకూ లోపలి అర్రకూ మధ్య ఒక పాత చీర తెరగా కట్టి ఉండేది. ఆయన ఆ తెర వంక ఎన్నడూ చూడలేదు. పరాయి ఆడవాళ్ళ ఇంట్లో లోపలికి తొంగిచూడటం మర్యాద కాదని ఒకసారి అన్నాడు.

వెళ్ళేసరికి నేల తడితడిగా ఉండేది. కూలర్ తిరుగుతుండేది. మా కోసం కుర్చీ తుడిచి పెట్టి ఉండేది. సార్ రుమాలు మడిచి కూర్చుని, పరికరం బల్ల మీద పెట్టి, గొంతు సవరించుకునేవాడు.

"ఈ కూలర్ మీదేనా అమ్మా?"

"మాదే సార్."

"ఇప్పుడు ఈ గదిలో మీకెలా ఉంది? బాగా వేడిగా ఉందా, కొంచెం వేడిగా ఉందా, హాయిగా ఉందా?"

"మంచిగనే ఉంది సార్. మీరొచ్చిన్రు, గదే సంతోషం."

ఆయన 'హాయి' దగ్గర టిక్కు పెట్టేవాడు. పరికరంలో అంకె చూసేవాడు. అంకె కూడా హాయి అనే చెప్పేది. నా వంక తిరిగి రెండు వేళ్ళూ తన కళ్ళకు చూపించేవాడు. రెండు కళ్ళూ ఒకటే చూస్తున్నాయని దానర్థం. తర్వాత టీ వచ్చేది. ప్రతి గుక్కకూ ఆహా అనేవాడు. ఢిల్లీలో, బెంగుళూరులో ఉపన్యాసాలిచ్చినప్పుడు ఆ టీ గురించి చెప్పేవాడు. వాళ్ళకు ఏమీ లేకపోయినా నన్ను ఇంట్లో మనిషిలా చూసుకుంటారు అని గొంతు తగ్గించి చెప్పి, కాసేపు ఆగేవాడు. చప్పట్లు వచ్చేవి. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, యాదమ్మక్క టీతో ఆయన ఊరూరా మంచిపేరు తెచ్చుకున్నాడు.

గల్లీలో ఏ ఇంటికి వెళ్ళినా ఇదే వరస. ఒకచోట కిటికీకి తడి గోనెపట్టా. ఇంకోచోట రేకుల మీద నుంచి నీళ్ళు చుక్కలు చుక్కలుగా కారుతుండేవి. పక్కింటి రెహానా ఆపా ఐసుముక్కలు వేసిన షర్బత్ ఇచ్చేది. సార్ ఈ తడి గోనెపట్టాల ఫోటోలు తీయించి, సంప్రదాయ విజ్ఞానం అని కింద రాయించేవాడు. నాకు తడి నేల వింతగా అనిపించలేదు, మా అమ్మా చల్లుతుంది. రిపోర్టు సిద్ధమైంది. ఆ గల్లీవాళ్ళు తమ పూర్వుల తెలివితో వేడిని జయించారనీ, వాళ్ళ ఇళ్ళు కొలతలోనూ అనుభవంలోనూ హాయిగానే ఉన్నాయనీ, రెండు శాస్త్రాలూ ఇంత చక్కగా ఏకీభవించడం అరుదనీ రాశాడు. కాబట్టి పూతకు ఈ గల్లీలు అంత ముఖ్యం కాదన్నాడు.

అప్పటికి ఆ రిపోర్టు ఇంకా పంపలేదు. చివరిసారి వెళ్ళినప్పుడు సార్ కళ్ళద్దాల పెట్టె యాదమ్మక్క ఇంట్లో మరిచిపోయాడు. మర్నాడు మధ్యాహ్నం నన్ను పంపాడు. కళ్ళద్దాల కోసం పోవడానికి సమ్మతీ నైతికతా అక్కర్లేదు కాబట్టి నేను ఫోన్ చెయ్యలేదు.

తలుపు తీయగానే వేడి మొహాన కొట్టింది. ముందటి అర్రలో కూలర్ లేదు. నేల పొడిగా ఉంది. యాదమ్మక్క మిషను ముందు కాదు, తెరకు అవతల ఉంది. నా గొంతు విని గాబరాగా బయటికొచ్చింది, ఒళ్ళంతా చెమట.

"చెప్పకుండ వస్తివేంది చెల్లె? ఒక ఫోన్ గొడితే అయిపోవు గద," అంది. అంటూనే లోపలికి పోయి కూలర్ స్టాండు పట్టుకుని ఇవతలికి లాగడం మొదలుపెట్టింది.

"కూలర్ ఎందుకక్కా ఈడికి?"

"నువ్వు కూసుంటవ్ గద."

నేను తెర పక్కకు జరిపి లోపలికి వెళ్ళాను. మంచం మీద బావ చొక్కా లేకుండా పడుకుని ఉన్నాడు. ఆయన ఛాతీకి తడి తువ్వాల చుట్టి ఉంది. రేకు చేతికి అందేంత కిందికి ఉంది. నేను చెయ్యెత్తి తాకి వెంటనే తీసేశాను.

"నిన్న మేం వచ్చినప్పుడు బావ యాడుండె?" అని అడిగాను.

"యాడుంటడు, ఈడనే. కూలర్ ముందటి అర్రల వెట్టినం గద మీ కోసం. జర ఎక్కువ చెమటలు వట్టినయ్, గంతే. మీరు పోంగనే మల్ల ఈడ వెట్టిన. ఫికర్ జెయ్యకు."

"వచ్చినప్పుడల్ల గిట్లనే చేసినవా?"

"మరి? పెద్దసారు ఇంటికొస్తే ఉడకవోతల కూసోవెడ్తమా?"

మంచం మీది మనిషి నా వంక తల తిప్పి, "సార్‌కు చల్లగుండెనా అమ్మా?" అని అడిగాడు. ఉండెనని చెప్పాను. ఆయన మొహంలో సంతృప్తి కనిపించింది. నాకు ఏడుపొచ్చింది.

ఆ రోజు గల్లీలో అన్ని ఇళ్ళకూ వెళ్ళాను. అన్నీ అంతే. రోజు విడిచి రోజు వచ్చే నీళ్ళను డ్రమ్ముల్లో దాచి, మేం వచ్చే ముందు రేకుల మీద పోసేవారు. గోనెపట్టాలు మేం వస్తున్నామంటేనే కిటికీ ఎక్కేవి. రెహానా ఆపా ఐసు కొనుక్కొచ్చేది. "మెహమాన్ ఆరై బోలే తో గర్మీ మే బిఠాతే క్యా అమ్మా?" అంది. చుట్టాలొస్తున్నారంటే వేడిలో కూర్చోబెడతామా అని, నేనేదో తెలివితక్కువ ప్రశ్న అడిగినట్టు. ఇక వేడిగా ఉందా అని ఇంటికొచ్చిన చుట్టం అడిగితే, ఉందని చెప్పడం కూడా ఆమె లెక్కలో మర్యాద కాదు. చుట్టానికి మన కష్టం చెప్పి పంపిస్తామా? కొలతనూ మాటనూ రెండింటినీ ఒకే మర్యాద పాడు చేసింది. ఆయన చూసిన ఏకీభావం అదే.

మర్నాడు ఆయన గదికి వెళ్ళి అంతా చెప్పాను. స్పైరల్ బైండింగు చేసిన రిపోర్టు బల్ల మీదే ఉంది. ఆయన మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. మొహం మెల్లగా వెలిగింది. లోపలి అర్రలో మనిషి గురించి చెబుతుండగా అలా వెలిగింది.

"తలుపెయ్యి అమ్మాయ్," అన్నాడు. లేచి బోర్డు మీద రెండు గళ్ళు గీశాడు. "కొలిచేవాడు వస్తున్నాడని తెలిస్తే కొలవాల్సింది మారిపోతోంది. భౌతికంలో ఈ మాట ఎప్పటిదో తెలుసా నీకు? దాన్ని మనం మొఘల్‌పురాలో పట్టుకున్నాం. మర్యాద అనేదాన్ని కొలతలో దోషంగా ఎవరూ రాయలేదు. ఇది చాలా పెద్ద పేపర్ అవుతుంది."

"సార్, మరి ఈ రిపోర్టు?"

"అది వేరే ప్రశ్నకు జవాబమ్మా."

"ఆ జవాబు తప్పు గద సార్."

"తప్పు అనకు. పరిమితి అను. చివర్లో పరిమితుల పేరా ఉంది కదా, ఒక వాక్యం చేరుద్దాం."

చేర్చాడు. గృహస్థుల ఆతిథ్యం కొలతలపై స్వల్ప ప్రభావం చూపి ఉండవచ్చు అని. స్వల్ప. ఆ మాట ఆయన చేతిరాతలో చూశాను, చక్కటి చేతిరాత.

మళ్ళీ కొలుద్దాం సార్, ఈసారి చెప్పకుండా వెళ్దాం అన్నాను. సమ్మతి లేకుండా వెళ్ళడం అనైతికం అన్నాడు. పోనీ నేనే యాదమ్మక్కకు చెప్పి కూలర్ లోపలి అర్రలోనే ఉంచమంటాను అన్నాను. అప్పుడు మనమే ఇంటిని మార్చినట్టవుతుంది అన్నాడు. పూత సంగతి చెప్పేద్దాం అన్నాను. ఆశ పెట్టినట్టవుతుంది అన్నాడు. ప్రతి దారికీ ఒక నియమం అడ్డం పెట్టాడు. విడిగా చూస్తే ప్రతి నియమమూ మంచిదే. అన్నీ కలిపి చూస్తే ఆ మంచం మీది మనిషి రేకు కింద అలాగే ఉండాలి.

"సార్, వాళ్ళ రేకులు," అన్నాను చివరికి.

"చూడమ్మా, రేకులకు పూత వెయ్యడం పాలన. మనం చేసేది జ్ఞానం. రెండూ కలపకూడదు," అన్నాడు. రెండు శాస్త్రాలు కలిపి పేరు తెచ్చుకున్న మనిషికి ఈ రెండు మాత్రం కలపకూడదట. ఎద్దు పుండు కాకికి ముద్దా అని మా నాన్న అంటుంటాడు. కాకి కనీసం పుండు గురించి పేపరు రాయదు.

రిపోర్టు వెళ్ళింది. పరిమితుల పేరా దాకా ఎవరు చదువుతారు? గల్లీ జాబితాలోకి ఎక్కలేదు. నేను నాలుగు రోజులు యాదమ్మక్క ఇంట్లో లోపలి అర్రలో కొలిచిన కాగితం పట్టుకుని పూత వేయించే ఆఫీసుకు వెళ్ళాను. అక్కడి ఆయన మంచివాడే, మీ సంస్థ నుంచి లెటర్ తెండి మేడమ్ అన్నాడు. సంస్థ అంటే సారే. ఆ నెలాఖరుకు ఉద్యోగం మానేసి ఒక కాలేజీలో పాఠాలు చెప్పుకుంటున్నాను. పెళ్ళయ్యాక జల్‌పల్లిలో చిన్న ప్లాటులో ఇల్లు కట్టుకున్నాం.

రెండో పేపర్ ఆయన అన్నట్టే చాలా పెద్దదయ్యింది. అతిథి ప్రభావం అని దానికి పేరు. విదేశాల్లో చదివారు, సన్మానాలు జరిగాయి. దేన్నీ దాచలేదు, తన పొరపాటును తనే చక్కటి వాక్యాల్లో రాసుకున్నాడు. ఎంత వినయం అని అందరూ మెచ్చుకున్నారు. కింద చిన్న అక్షరాల్లో నాకు కృతజ్ఞత కూడా చెప్పాడు. ఒకరి పని దొంగిలించే రకం కాదు, ఒక్క మాట తూలిన మనిషి కాదు. దుర్మార్గుడైతే నాకు సుఖంగా ఉండేది, నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని. మంచితనాన్ని ఎలా వాడుకుంటే ఎవరికీ ఉపయోగం లేకుండా పోతుందో ఆయన దగ్గర చూశాను. అందుకే నా కోపం ఇంకా తగ్గలేదు.

పక్క బస్తీలో రేకులు తెల్లబడ్డాక యాదమ్మక్క నన్ను అడిగింది. "మనకెప్పుడు ఏస్తరు చెల్లె?" అని. పక్క బస్తీవాళ్ళకు అవసరం లేదని నేను అనలేను, వాళ్ళవీ రేకులే. నేను ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. చేతిలో చీర మడిచి పక్కన పెట్టి వింది.

"గీ ముచ్చట మాకు ముందుగాల ఎందుకు చెప్పలే?"

"చెప్తే మీ జవాబులు మారుతయని సార్ అన్నడు."

"చెప్పకపోయినా అబద్ధమే జెప్తిమి గద," అంది. ఆ ఎండాకాలం గల్లీవాళ్ళే సున్నం కలుపుకుని రేకులకు కొట్టుకున్నారు. మొదటి వానకు కొట్టుకుపోయింది.

సంతాప సభ అయిన వారానికి ఆ సంస్థ నుంచి ఒక యువ అధ్యాపకుడు ఫోన్ చేశాడు. సార్ చివరి శిష్యుల్లో ఒకడు, చాలా మర్యాదస్థుడు. స్మారక సదస్సుకు బయటి దేశాల నుంచి కూడా పండితులు వస్తున్నారట. అతిథి ప్రభావం పుట్టిన ఇంటిని ఒకసారి కళ్ళారా చూడాలని వాళ్ళ కోరికట. ఆవిడను అడిగి సమ్మతి తీసుకోగలరా మేడమ్ అన్నాడు.

మధ్యాహ్నం వెళ్ళాను. కూలర్ లోపలి అర్రలో తిరుగుతోంది, బావ నిద్రపోతున్నాడు, బాగా చిక్కిపోయాడు. సార్ పోయాడని చెప్పాను. "అయ్యో, పోయిండా. మంచిగ మాట్లాడేటోడు," అంది యాదమ్మక్క నిజంగానే బాధపడుతూ. తర్వాత పండితుల సంగతి చెప్పాను. నీకు ఇష్టం లేకపోతే వద్దని చెప్పేస్తానన్నాను.

ఆమె తెర పక్కకు జరిపి బావ వంక చూసింది.

"ఇంటికొస్తమన్నోల్లను వద్దంటమా? రమ్మను," అంది. "గని కూలర్ కదిలియ్య. నీళ్ళు జల్ల. ఆయన మంచం పక్కపొంటి కుర్సీలేస్త, గాడ కూసోమను. ఏందడగాల్నో ఆయన్నే అడగమను. పగటీలి రెండు గొట్టంగ రమ్మను."

గల్లీ దాటి వచ్చి ఆ అబ్బాయికి ఫోన్ చేశాను. ఆవిడ రమ్మందనీ, లోపలి గదిలో ఆమె భర్త పక్కన కుర్చీలు వేస్తుందనీ, మధ్యాహ్నం రెండింటికి రమ్మందనీ చెప్పాను. చాలా సంతోషం మేడమ్, చాలా సంతోషం అన్నాడు. తర్వాత అవతల కాగితాలు తిప్పిన చప్పుడు వినిపించింది.

"మేడమ్, రెండింటికి అంటే కష్టమేమో. పెద్దవాళ్ళుంటారు కదా," అన్నాడు. "సాయంత్రం ఆరు దాటాక పెట్టుకోవచ్చేమో ఒక్కసారి అడుగుతారా? అప్పటికి కాస్త చల్లబడుతుంది."